సంఘం నడిపినవాళ్ల కథ రికార్డు చేయాలంటే

నేను మొదటిసారి రికార్డు చేసిన ఇంటర్వ్యూలో గంటా ఇరవై నిమిషాలు సీలింగ్ ఫ్యాన్ మాట్లాడింది. మధ్యలో కుక్కరు నాలుగు విజిల్స్ వేసింది. అసలు మాట్లాడాల్సిన అక్క, బస్తీలో పదిహేనేళ్లుగా ఆడవాళ్ల సంఘం నడుపుతున్న మనిషి, ఈ రెండింటి వెనక ఎక్కడో గొణుగుతున్నట్టు వినిపించారు. మళ్లీ చెప్పమని అడిగితే నవ్వి మళ్లీ చెప్పారు గానీ, మొదటిసారి గొంతు పెంచిన చోట రెండోసారి పెంచలేదు, మొదటిసారి పేరు పెట్టి తిట్టినవాళ్లని రెండోసారి "కొంతమంది" అనేశారు. ఫ్యాన్ స్విచ్ ఒక్కటి ఆపడం మర్చిపోయినందుకు అంత పోయింది.

అది చిన్న తప్పు. పెద్ద తప్పు ఇంకోటి చేశాను, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఇది ఎవరికోసం రాస్తున్నానంటే: మన ఊళ్లలో, బస్తీల్లో ఆడవాళ్ల హక్కుల కోసం, హిజ్రా, ట్రాన్స్, క్వీర్ మనుషుల కోసం (ఆడా మగా అని, ఎవరు ఎవరిని ప్రేమించాలని లోకం గీసిన గీతల్లో ఇమడనివాళ్ల కోసం) సంఘాలు నడిపినవాళ్ల కథలు నలుగురికీ చేరాలని మీకుంది, చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు, జర్నలిజం చదవలేదు. ఏం పర్లేదు, దానికంటే ఎక్కువగా కావాల్సింది ఓపిక.

ఇదివరకు చేసినవాళ్లని ఒకసారి చూడండి

ఈ పని మనతో మొదలవలేదు. బండారు అచ్చమాంబ 1901లోనే ఆడవాళ్ల జీవితాలు పోగుచేసి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు, మరుసటి ఏడాది మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం పెట్టడంలో ముందున్నారు. అంటే కథలు రాసిన చెయ్యీ సంఘం పెట్టిన చెయ్యీ ఒకటే. బడి చదువు లేని మనిషి, తమ్ముడి పక్కన కూర్చుని నేర్చుకున్న చదువుతో చేసిన పని అది. మనకి జర్నలిజం రాదని దిగులు పడేముందు ఈ ఒక్క ముక్క గుర్తుచేసుకుంటే చాలు.

తర్వాత స్త్రీ శక్తి సంఘటన అనే హైదరాబాద్ ఆడవాళ్ల బృందం. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లని ముప్పై ఏళ్లు దాటాక వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలు వాళ్ల నోటివెంటే రికార్డు చేసి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. దాన్నుంచి నేను నేర్చుకున్నది ఏంటంటే, పోరాటం గురించి అడిగితే అందరూ చెప్తారు, పోరాటం అయిపోయాక ఇంటికి వెళ్లమన్నప్పుడు ఏం జరిగిందని అడిగితేనే అసలు సంగతులు బయటికొస్తాయి. తుపాకీ పట్టిన మనిషి తిరిగొచ్చి ఎవరింట్లో ఎలా బతికారు అన్నది పార్టీ చరిత్రల్లో దొరకదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నప్పుడు ఒక పని చేశారు, నాకు చాలా ఇష్టమైన సంగతి అది. కెమెరా ఎత్తులకి వాళ్ల సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ చూసే షాట్లకి పటేలు, బానిస అని పేర్లు. కళ్లకి కళ్లు సమానంగా ఉండేలా తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. వాళ్లే 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టారు, 90.4 ఎఫ్ఎం, నడిపేది దళిత ఆడవాళ్లు. ట్రైనింగులంటూ రోజులు రోజులు తినేసే మనుషులకి ఆ మూడు పేర్లు చెప్తే చాలనిపిస్తుంది. కింద కూర్చున్న మనిషి ఎదురుగా మీరు కుర్చీ వేసుకున్నారంటే మీ వీడియో ఏ షాటో మీకే తెలిసిపోతుంది.

ఇక 2017లో హైదరాబాద్ నుంచి మొదలైన ట్రాన్స్‌విజన్ యూట్యూబ్ ఛానల్ ఉంది. రచన ముద్రబోయిన లాంటి ట్రాన్స్ కార్యకర్తలు తెలుగు, దక్కనీ, కన్నడ భాషల్లో తమ గురించి తామే చెప్పుకున్నారు. మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఒకసారి చూసి రండి, కనీసం "ఇదే మొదటిసారి" అని టైటిల్ పెట్టే పొరపాటు తప్పుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఆ సంగతి కొత్తగా చదువు నేర్చుకునేవాళ్ల పుస్తకంలో "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠంగా వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన వేరే ఊళ్ల ఆడవాళ్లు, వాళ్లు చేసింది మనం చేయలేమా అని లేచారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండో దాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే ఏడుపు. కథ పంచుకోవడం వల్ల ఏమవుతుంది అని ఎవరైనా అడిగితే నేను ఈ పాఠం సంగతే చెప్తాను.

కానీ ఆ పాఠం పేరు చూడండి, "ఆడవాళ్లు" అని ఉంది. మనకి మాత్రం ఇవాళ గుర్తున్నది దూబగుంట రోశమ్మ ఒక్కరే. రోశమ్మ గారి పని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పొద్దున ఆమెతో నడిచినవాళ్లు ఎవరు, ఇంటికెళ్తే మొగుడు కొడతాడని తెలిసీ వచ్చినవాళ్లు ఎవరు అన్నది ఎవరూ రాసుకోలేదు, నా బాధ అది.

కాబట్టి మైకు ముందు బాగా మాట్లాడే మనిషి దగ్గరికి వెళ్లండి, వెళ్లి రికార్డు చేయండి, ఆ తర్వాత వాళ్లనే అడగండి: "మీ సంఘంలో లెక్కల పుస్తకం ఎవరు రాస్తారు? రాత్రి ఫోన్ వస్తే ముందు ఎవరు లేస్తారు? ఆస్పత్రికి వెంట ఎవరు వెళ్తారు?" ఆ వచ్చే పేర్లే మీ రెండో, మూడో ఇంటర్వ్యూలు. వీళ్లు మొదట "నాదేముంది చెప్పడానికి" అంటారు. నా అనుభవంలో ఆ మాట అన్న ప్రతి మనిషి దగ్గరా రెండు గంటల కథ ఉంది.

మొదటిరోజు ఫోన్ బ్యాగులోనే

మొదటిసారి వెళ్లినప్పుడు రికార్డు చేయకండి. టీ తాగండి, మీరెవరో, ఎందుకు వచ్చారో, దీనివల్ల మీకేమొస్తుందో చెప్పండి. చివరిది తప్పకుండా చెప్పాలి. కాలేజీ ప్రాజెక్టు అయితే ప్రాజెక్టు అని, ఛానల్ పెంచుకోవడానికైతే అదీ చెప్పండి. "సమాజం కోసం" అని మొదలుపెట్టేవాళ్లని హిజ్రా ఇళ్లలో చాలామందిని చూసేశారు. సర్వే అని వచ్చినవాళ్లు, డాక్యుమెంటరీ అని వచ్చినవాళ్లు, ఒక్కరూ మళ్లీ మొహం చూపించలేదు. హిజ్రా ఘరానాలో (గురువు కింద ఒక కుటుంబంలా నడిచే ఇంట్లో) అయితే మీరు మాట్లాడాలనుకున్న మనిషికి గురువు ఉంటారు, గురువుకి తెలియకుండా చేలా, అంటే శిష్యురాలు, మాట్లాడితే తర్వాత ఇంట్లో గొడవ. ముందు పెద్దవాళ్లకి ఒక మాట చెప్పాలా అని ఆ మనిషినే అడగండి, మీరే నేరుగా గురువు దగ్గరికి పోయి పంచాయితీ పెట్టకండి.

పేరు రాసుకోవడానికి నోట్‌బుక్ తెరిచారంటే ఒక్క క్షణం ఆగి ఇది గుర్తుచేసుకోండి. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం చేశారు. అనుమానం పేరుతో హిజ్రాల పేర్లూ ఉండే చోటూ రిజిస్టర్‌లో రాసి పెట్టేవాళ్లు, ఆ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లు ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకుపోవచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్ కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి 2018లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. నూటనాలుగేళ్లు. ఎవరో వచ్చి పేరూ అడ్రసూ రాసుకుంటుంటే ఎదుటి మనిషి ఎందుకు ముడుచుకుపోతారో మీకు ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

ఒప్పుకోలు: ఒక్క "సరే"తో అయ్యేది కాదు

ఇక నా పెద్ద తప్పు. ఒక ట్రాన్స్ మహిళతో మాట్లాడాను, వాళ్ల ఏరియాలో కరోనా లాక్‌డౌన్‌లో అందరికీ బియ్యం, మందులు అందేలా చూసిన మనిషి. మొహం కనపడకూడదు అన్నారు, బ్లర్ చేశాను. పేరు మార్చమన్నారు, మార్చాను. నిమిషం వీడియో పెట్టాను. వెనక గోడమీద కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్, దానిమీద కొట్టు పేరు, వీధి పేరు. గొంతు మార్చలేదు. నాలుగు రోజుల్లో ఇంటి ఓనరు పోల్చేశాడు. అప్పటిదాకా ఆయనకి తెలీదు, నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. వీడియో తీసేశాను, కానీ ఫార్వర్డ్ అయిపోయింది కదా. కొత్త ఇల్లు వెతకడానికి వాళ్లతో పాటు నేనూ తిరిగాను, పదకొండు ఇళ్లు చూశాం. వాళ్లు నన్నేమీ అనలేదు. అనుంటే బావుండేది.

ఆ తర్వాత నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. కథ బయటికొచ్చిన మర్నాడు ఆ మనిషి అదే వీధిలో పాలప్యాకెట్ కొనుక్కోవాలి, అదే ఆటోస్టాండ్ మీదుగా నడవాలి. ఏది అడిగినా ఆ నడక మనసులో పెట్టుకుని అడుగుతాను.

ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి. పేరు చెప్పొచ్చా, గొంతు వినిపించొచ్చా, మొహం చూపించొచ్చా, ఊరి పేరు, బస్తీ పేరు, కులం, చేసే పని, గురువు పేరు, పిల్లల పేర్లు. ఇల్లు చూపించొచ్చా. ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలీదు, అమ్మ ఫోన్‌కి ఇది చేరితే ఏమవుతుంది? చాలామంది క్వీర్ కుర్రవాళ్లు ప్రైడ్ మార్చ్‌లో బోర్డు పట్టుకుని ముందు నడుస్తారు, హైదరాబాద్‌లో 2013 నుంచి నడుస్తున్నారు, కానీ ఊళ్లో నాన్నకి తెలియదు. రోడ్డుమీద కనిపించారు కదా, ఇంక దాచేదేముంది అనుకోకండి. అక్కడ వాళ్లని చూసే జనం వేరు, మీ వీడియో చేరే జనం వేరు.

కాగితం మీద సంతకం పెట్టించుకోవడం నాకు నచ్చదు. సంతకం, వేలిముద్ర అనగానే అప్పు కాగితమో, స్టేషన్ కాగితమో గుర్తొస్తుంది. రికార్డింగ్ మొదట్లోనే, వాళ్ల భాషలో, వాళ్ల గొంతుతోనే ఏది ఒప్పుకున్నారో, ఏది వద్దన్నారో చెప్పించుకోండి. చివర్లో మళ్లీ అడగండి, ఎందుకంటే మొదట్లో ఏం చెప్పబోతున్నారో వాళ్లకీ తెలియదు. "ఎప్పుడైనా తీసేయమని ఫోన్ చేయండి, కారణం అడగను" అని చెప్పి, అడిగినప్పుడు నిజంగా కారణం అడక్కుండా తీసేయాలి. అయితే నా సంగతి చూశారు కదా, ఒకసారి ఫార్వర్డ్ అయినదాన్ని పూర్తిగా వెనక్కి తేలేం. ఆ ముక్క కూడా ముందే చెప్పండి.

చట్టం సంగతి క్లుప్తంగా: లైంగిక దాడి కేసుల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద కూడా నేరమే. కార్యకర్తలు తాము సాయం చేసిన కేసుల గురించి మాట్లాడుతూ మాటల్లో పేరు, ఊరు అనేస్తారు. వాళ్లని ఆపక్కర్లేదు, ఆ ముక్క మీరు కోసేయాలి.

డబ్బుల మాట కూడా ఇక్కడే. రోజు కూలి పోగొట్టుకుని మీతో కూర్చుంటే ఆ రోజు కూలి ఇవ్వండి. ఇస్తే కథ కొన్నట్టవుతుందని కొందరంటారు. అలా అనేవాళ్లలో ఎక్కువమంది నెలజీతం వాళ్లు.

అడగాల్సినవి, అడక్కూడనివి

"ఆ టైంలో మీరెలా ఫీలయ్యారు?" ఈ ప్రశ్న టీవీవాళ్లకి వదిలేయండి. దీనికి జవాబుగా ఏడుపైనా వస్తుంది, ఉపన్యాసమైనా వస్తుంది. మీరు కలవడానికి వచ్చింది సంఘం నడిపిన మనిషిని, కాబట్టి పని గురించి అడగండి.

మొదటి మీటింగ్ ఎక్కడ పెట్టారు, ఎంతమంది వచ్చారు, వస్తానని రానివాళ్లెవరు? టీ డబ్బులు ఎవరిచ్చారు? షామియానా అద్దె ఎలా కట్టారు? మీరు మీటింగ్‌కి వెళ్తే పిల్లలని ఎవరు చూసుకున్నారు? స్టేషన్‌కి వెళ్లినప్పుడు ముందు ఎవరు నోరు విప్పారు, ఏమని మొదలుపెట్టారు? ఎస్ఐ ఏ మాటకి మెత్తబడ్డాడు? ఆధార్‌లో పేరు మార్చడానికి ఎన్నిసార్లు తిరిగారు, చివరికి ఏ కాగితంతో పని అయింది? సంఘంలో గొడవ ఎప్పుడొచ్చింది, ఎవరు వెళ్లిపోయారు, ఇప్పుడు ఎదురుపడితే పలకరించుకుంటారా? మీరు ఓడిపోయిన సంగతి ఒకటి చెప్పండి.

ఈ చివరి ప్రశ్నకి చాలాసేపు మౌనం వస్తుంది. ఆ మౌనంలో మీరు మాట్లాడకండి. పదిదాకా లెక్కపెట్టుకోండి, ఇంకో పది లెక్కపెట్టండి.

ఇలాంటి ప్రశ్నలవల్ల ఇంకో లాభం ఉంది. ఇంకో ఊళ్లో ఇదే పని మొదలుపెట్టాలనుకునే మనిషికి మీ రికార్డింగు పనికొస్తుంది. షామియానా అద్దె సంగతి తెలిస్తే వాళ్లూ ఒక షామియానా వేసుకుంటారు. కన్నీళ్లతో వాళ్లేం చేసుకుంటారు?

అడక్కూడనివి: ఆపరేషన్ అయిందా, "అసలు పేరు" ఏంటి, ఇంట్లోంచి ఎప్పుడు వెళ్లగొట్టారు, పెళ్లెందుకు చేసుకోలేదు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, పెట్టాలా వద్దా తర్వాత అడగండి. చిన్నప్పటి పేరు నోరుజారి చెప్పినా రాతలో పెట్టకండి. హిజ్రాలు తమలో తాము మాట్లాడుకునే మాటలు కొన్ని ఉంటాయి, బయటివాళ్లకి తెలియకుండా ఉండటానికే అవి ఉన్నాయి. వాటికి అర్థాలు కనుక్కుని పట్టిక వేసి పెడితే మీకు నాలుగు లైకులు వస్తాయి, వాళ్లకి ఉన్న చిన్న చాటు పోతుంది.

ఫోన్, ఫ్యాన్, కుక్కరు

దీనికి పెద్ద ఖర్చేం లేదు. కాలర్‌కి పెట్టుకునే మైకు ఆన్‌లైన్లో వెయ్యి లోపు దొరుకుతుంది, ఫోన్ కెమెరా ఎంత గొప్పదైనా దీని తర్వాతే. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే లోన్ కావాలా అని అడిగే అమ్మాయి సరిగ్గా అప్పుడే చేస్తుంది. ఇంకో ఫోన్‌లో కూడా వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. వేవ్ (WAV, కుదించని ఆడియో) ఫైల్ అయితే మోనోలోనే గంటకి మూడొందల ఎంబీ దాటుతుంది, చోటు ఉందో లేదో ముందే చూసుకోండి.

ముందు ఒక నిమిషం రికార్డు చేసి, చెవికి పెట్టుకుని వినండి. ఫ్యాన్, ఫ్రిజ్, పక్కింటి టీవీ. ఎండాకాలం ఫ్యాన్ ఆపమంటే పాపం అనిపిస్తుంది కాబట్టి పొద్దున ఏడింటికి వెళ్లండి, లేదా చెట్టు కింద కూర్చోండి. కుక్కర్ సంగతి మొహమాటపడకుండా అడగండి: "అక్కా, అన్నం అయ్యాక మొదలుపెడదామా?" ఇంకా మంచిది, అన్నం తినేసి మొదలుపెట్టడం.

వీడియో కావాలంటే వాళ్లు కూర్చున్న ఎత్తులోనే కూర్చోండి. మొహం వద్దన్నవాళ్లని బ్లర్ చేయడంకంటే అసలు మొహం తీయకపోవడం మేలు. చేతులు తీయండి, కుట్టుమిషన్ తీయండి, సంఘం మినిట్స్ పుస్తకంలో పేర్లు లేని పేజీ తీయండి. తీసేముందు గోడలకేసి ఒకసారి తల తిప్పి చూడండి. క్యాలెండర్, కరెంటు బిల్లు, పిల్లల స్కూల్ ఐడీ కార్డు, కిటికీలోంచి కనిపించే గుడి గోపురం, బైకు నంబరు. గాజులు, పచ్చబొట్టు కూడా పోలికే. గొంతు వద్దంటే మాటలు రాసుకుని వేరే ఎవరితోనైనా చదివించండి. గొంతుని సాఫ్ట్‌వేర్‌తో మారిస్తే మాట తీరుని బట్టి బస్తీలో సగంమంది కనిపెట్టేస్తారు.

రాసేటప్పుడు తెలుగుతో వచ్చే తంటాలు

గంట మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ వాడి చూశాను, జహీరాబాద్ తెలుగుకీ, శ్రీకాకుళం తెలుగుకీ అది చేసే పని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. చెవులతో విని చేత్తో కొట్టుకోవడమే. యాస దిద్దకండి. "పోయిన" అంటే "వెళ్లాను" అని మార్చకండి. ఆ మనిషి మీటింగ్‌లో ఆ యాసతోనే వందమందిని లేపారు.

ఇప్పుడు క్రియల సంగతి, ఇది నాకు తీరని బాధ. ఆమె వచ్చింది. బస్సు వచ్చింది. వాన వచ్చింది. మగాడు మాత్రం వచ్చాడు. గౌరవం ఇవ్వాలనుకుంటే వచ్చారు. మన వార్తల్లో చూడండి, ఎమ్మెల్యే ఎప్పుడూ "అన్నారు", కూలిపనికెళ్లే ఆడమనిషి "అంది", ఇంకా పేదదైతే, ముసలిదైతే "వాపోయింది". నలభై ఏళ్లు సంఘం నడిపిన మనిషిని "చెప్పింది, ఏడ్చింది, తెలిపింది" అని రాసి, ఆమెని బెదిరించిన ఊరిపెద్దని "ఆయన అన్నారు" అని రాస్తే మీ రాతే ఎవరి పక్షమో చెప్పేస్తుంది. నేను అందరికీ "రు" పెడతాను, లేదంటే ఎవరికీ పెట్టను.

"వచ్చారు"కి ఇంకో సుఖం ఉంది, ఆడా మగా చెప్పదు. "తను", "వాళ్లు" కూడా అంతే. ఏ లింగంలోనూ ఇమడని మనుషుల గురించి రాసేటప్పుడు తెలుగులో దారి ఉంది. కానీ దాన్ని అందరికీ పూసేయకండి. ఒక ట్రాన్స్ మహిళ నాతో అన్నారు, "ఆమె అనిపించుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది నాకు, మళ్లీ వాళ్లు అంటావేంటి?" నిజమే. అడగండి, అడిగినట్టు రాయండి. ఇంకా తేలిక మార్గం, వాళ్ల మాటల్లోనే "నేను" అని నడిపించడం. "నేను వచ్చాను"లో ఆడా మగా లేదు. హైదరాబాద్‌లో చాలామంది దక్కనీలో మాట్లాడతారు, అందులో "నేను వెళ్లాను" అన్నా లింగం తెలుస్తుంది, తెలుగులోకి తెచ్చేసరికి అది మాయమవుతుంది. ఆ మనిషికి అది ముఖ్యమైతే వేరే చోట తెలిసేలా చూడాలి.

పదాల విషయంలో: "స్వలింగ సంపర్కులు" అన్నమాట పేపర్లు అలవాటుగా వాడతాయి, అందులో మనిషి జీవితం మొత్తం పడకగదిలోనే ఉన్నట్టుంటుంది. గే, లెస్బియన్, క్వీర్ అనే రాయండి, లేదా స్వలింగ ప్రేమికులు అనండి, వాళ్లు తమని తాము ఏమంటే అది ఇంకా మంచిది. ట్రాన్స్ మహిళలందరూ హిజ్రాలు కారు, హిజ్రా అంటే గురువు, చేలా, ఇల్లు, కట్టుబాట్లు ఉన్న ఒక కుటుంబం కూడా. దేవతల పేరుతో అంకితమైన శివసత్తులు, జోగినులు, జోగప్పలు వేరేవేరే. అందరినీ ఒకే గంపలో వేయకండి. బస్తీలో స్త్రీవాద పని చేసే చాలామంది తమని స్త్రీవాది అనుకోరు, "సంఘంలో పనిచేస్తా" అంటారు. మీ హెడ్డింగ్ కోసం వాళ్లకి బిరుదులు ఇవ్వొద్దు.

తేదీలు ఎలా పట్టుకోవాలి

"ఏ సంవత్సరం?" అంటే చెప్పలేరు, మీరూ నేనూ చెప్పలేం. "ఎన్టీఆర్ బతికుండగానా, పోయాకనా? అప్పటికి పెద్దబ్బాయి పుట్టాడా? ఉప్పెన వచ్చిన ఏడా? సమ్మక్క జాతర ముందా, తర్వాతా?" అని అడిగితే దారి దొరుకుతుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్, ఎన్టీఆర్ పోయింది 1996 జనవరి. అక్కణ్నుంచి లెక్కేసుకోండి. పాత రసీదులు, కరపత్రాలు, వినతిపత్రం కాపీలు ఉంటే ట్రంకు పెట్టె తీయించండి, అక్కడే ఫొటో తీసుకుని అసలువి అక్కడే వదిలేయండి. "స్కాన్ చేసి ఇస్తా" అని పట్టుకెళ్లి ఇవ్వనివాళ్ల గురించి ప్రతి సంఘంలోనూ ఒక కథ ఉంది. ఇద్దరు ఒకే సంఘటన రెండు రకాలుగా చెప్తే రెండూ పెట్టండి, మీరు తీర్పు చెప్పకండి.

తిరిగి తీసుకెళ్లి చదివి వినిపించండి

ఈ మెట్టు దాదాపు అందరూ ఎగ్గొడతారు. వాట్సాప్‌లో పంపి "ఓకేనా అక్కా" అంటే బొటనవేలు బొమ్మ వస్తుంది, అది చదివినట్టు కాదు. వెళ్లి పైకి చదవండి. చదువుతుంటే మొహం చూడండి. ఒకచోట "ఇది తీసేయ్" అంటారు, ఒకచోట "ఇది సరిపోలేదు, ఇంకా చెప్తా" అని కొత్త కథ మొదలుపెడతారు. ఒక అక్క మొత్తం విని, తన గురించి ఉన్న రెండు పేరాలు కొట్టేయించి, ఆ చోట సంఘంలో చనిపోయిన నలుగురి పేర్లు రాయించారు. వాళ్ల ఇంటివాళ్లని ముందే అడిగి వచ్చారట. నేను మొత్తం రాశాక కూడా నాకు తట్టని సంగతి అది.

బయటపెట్టేటప్పుడు హెడ్డింగ్, థంబ్‌నెయిల్ కూడా చూపించండి. లోపల ఎంత జాగ్రత్తగా రాసినా, పైన "కన్నీటి గాథ", "షాకింగ్ నిజాలు" అని పెడితే అంతే సంగతులు. మొదటి రెండు రోజులు బూతులు వస్తాయి, వాటిని తీసేయడానికి మీ మిత్రుల్లో ఇద్దరిని ముందే అనుకోండి, ఆ పని కథ చెప్పిన మనిషి మీద పడనివ్వకండి. బెదిరింపులు వస్తే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, సంఘానికి చెప్పి, తర్వాత ఏం చేయాలో వాళ్లని నిర్ణయించనివ్వండి. ఊళ్లో పెళ్లో జాతరో ఎన్నికో ఉంటే ఆ వారం ఆగండి.

దాచడం

మూడు కాపీలు: ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైన మనిషి దగ్గర హార్డ్‌డిస్క్‌లో, ఒకటి సంఘం దగ్గర. ఫైల్ పేరులో మనిషి పేరు పెట్టకండి, నంబర్ పెట్టి, ఏ నంబర్ ఎవరిదో వేరే నోట్‌బుక్‌లో రాసుకోండి. తను చనిపోయాక ఏది బయటపెట్టొచ్చో, ఎవరిని అడగాలో ఇప్పుడే అడిగేయండి, అడగడం ఇబ్బందే, కానీ పెద్దవాళ్లు దీనికి మనంత కంగారుపడరు. బయట భద్రపరచాలనుకుంటే ముంబైలో ఆడవాళ్ల గొంతులు, ఫొటోలు దాచే స్పారో ఉంది, బెంగళూరులో క్వీర్ ఉద్యమాల కాగితాలు దాచే ఖమ్రా ఉంది. ఇచ్చేముందు ఎవరు వినొచ్చు, ఎవరు వినకూడదు అనే షరతులు రాసి ఇవ్వండి.

చివరిగా, కాపీ వాళ్ల చేతిలో పెట్టడం. పెన్‌డ్రైవ్ ఇస్తే చాలా ఇళ్లలో అది పెట్టుకోవడానికి కంప్యూటర్ ఉండదు. ఫోన్‌లోకి ఎక్కించి, ఎక్కడ నొక్కితే మోగుతుందో చూపించి రండి. ఎక్కించేముందు మాత్రం, ఆ ఫోన్ ఇంట్లో ఇంకెవరెవరు వాడతారో అడగండి.